చిన్నవాడు తెచ్చిన గాలాల డబ్బా

మీ అబ్బాయి ‘స్విస్ ఫ్యామిలీ రాబిన్సన్’ నాలుగోసారి చదువుతున్నాడనీ, అందులో ఏముందో చూద్దామని మీరూ మొదలుపెట్టి సగంలో వదిలేశారనీ రాశారు. ఒకే దీవిలో పెంగ్విన్లూ కంగారూలూ సింహాలూ, పేజీకో ఉపన్యాసం ఇచ్చే తండ్రి, ఏది కావాలంటే అది మరుక్షణం కాళ్లకు తగిలే అడవి. ‘ఉత్కంఠ లేదు, నమ్మశక్యం కాదు. మరి ఓడ బద్దలై ఒక కుటుంబం దీవికి చేరే ఈ కథలు రెండు వందల ఏళ్లుగా ఎలా నిలిచాయి?’ అని అడిగారు. ఏ ప్రతి కొనాలో కూడా చెప్పమన్నారు.

పిల్లల గ్రంథాలయంలో ముప్ఫై ఏళ్లకు పైగా పనిచేశాను. ఈ పుస్తకానికి కొత్త అట్టలు ఎన్నిసార్లు వేయించానో నాకే లెక్క లేదు. అలాగని దీని తరఫున వకాల్తా పుచ్చుకోను. మీ ఫిర్యాదులన్నీ నిజమే, నేనే మరికొన్ని కలుపుతాను. కనిపించిన ప్రతి జంతువునూ ముందు తుపాకీతో కాల్చి, తర్వాత దాని గురించి పాఠం చెప్పుకుంటారు. నలుగురు కొడుకులకూ పేర్లున్నాయి, కుక్కలకూ పేర్లున్నాయి, తల్లి పేరు మాత్రం దాదాపు ఎక్కడా వినిపించదు. పడవలెక్కి వెళ్లిపోయిన నావికులు ఏమయ్యారన్న చింత ఆ కుటుంబానికి ఎక్కువసేపు ఉండదు. కొండచిలువ గాడిదను మింగే ఘట్టం తప్పిస్తే గుండె ఝల్లుమనే చోటు కూడా దాదాపు లేదు.

ఇంకో మాట. రాబిన్సన్ వాళ్ల ఇంటిపేరు కాదు. డేనియల్ డిఫో ‘రాబిన్సన్ క్రూసో’ 1719లో వచ్చాక దీవిలో చిక్కుకున్న వాళ్లందరినీ యూరప్‌లో రాబిన్సన్లే అనడం మొదలైంది. 1731 నాటికే జర్మన్‌లో ఇలాంటి కథలకు ‘రాబిన్సనేడ్’ అని ఒక జాతిపేరు పుట్టేసింది. ఈ పుస్తకం జర్మన్ పేరుకు అర్థం ‘స్విట్జర్లాండ్ రాబిన్సన్’ అని మాత్రమే.

దీని పుట్టుక తెలిస్తే మీ చిరాకు కొంత తగ్గవచ్చు. యోహాన్ డేవిడ్ వీస్ బెర్న్ నగరంలో మతబోధకుడు. తన నలుగురు కొడుకులకు చెప్పుకున్న కథ ఇది. అచ్చు వేయించాలన్న తొందర ఆయనకు లేదు. రాతప్రతికి ఒక కొడుకు బొమ్మలు గీశాడు. మరో కొడుకు యోహాన్ రుడాల్ఫ్ దాన్ని సరిదిద్ది 1812లో జ్యూరిక్‌లో ప్రచురించాడు. అప్పటికి యాభై ఏళ్ల కిందటే, 1762లో, తత్వవేత్త రూసో పిల్లల చదువు గురించి రాసిన తన ‘ఎమిల్’లో పిల్లవాడి చేతికి ఇవ్వాల్సిన మొదటి పుస్తకం క్రూసో కథే అని రాశాడు. వస్తువుల ద్వారా, పని ద్వారా నేర్పాలన్న ఆ ఆలోచన గాలిలో ఉన్న కాలం అది. కాబట్టి వీస్ రాసింది నిజానికి కథ వేషం వేసుకున్న ప్రకృతిశాస్త్ర వాచకం. పెంగ్విన్ పక్కన కంగారూ ఎందుకు నిలబడిందంటే, ఆ వారం పాఠం దాని గురించి కాబట్టి.

ఆ పాఠాలన్నీ ఎప్పుడో పాతబడ్డాయి. కథ మాత్రం బతికింది. ఎందుకో నాకు అట్టలు వేయించేటప్పుడే అర్థమైంది. పుస్తకం ఎక్కడ నలిగిందో చూస్తే పిల్లలు ఎక్కడ ఆగారో తెలుస్తుంది. తండ్రి ఉపన్యాసాల పేజీలు అచ్చాఫీసు నుంచి ఇప్పుడే వచ్చినట్టు ఉండేవి. కొండచిలువ పేజీలు కాస్త నలిగేవి. పూర్తిగా మాసిపోయి, మూలలు రాలిపోయి ఉండేవి రెండే చోట్లు: విరిగిన ఓడలో సామాన్లు వెతికే చోటు, చెట్టు మీద ఇల్లు కట్టే చోటు.

మొదటి దాన్ని కొంచెం దగ్గరగా చూడండి. తుపానుకు ఓడ రాళ్ల మధ్య ఇరుక్కుపోయింది. నావికులు పడవల్లో వెళ్లిపోయారు. తల్లీ తండ్రీ నలుగురు కొడుకులూ ఓడలోనే రాత్రి గడిపారు. తెల్లవారి గాలి తగ్గాక, పనికొచ్చేవి వెతికి తెమ్మని తండ్రి పిల్లల్ని తలో దిక్కుకు పంపుతాడు. పెద్దవాడు ఫ్రిట్జ్ తుపాకులూ, మందూ, గుండ్లూ తెస్తాడు. పుస్తకాల పురుగు ఎర్నెస్ట్ మేకులూ, గొడ్డలీ, సుత్తీ మోసుకొస్తాడు. జాక్ కెప్టెన్ గది తలుపు తెరిచాడు. లోపలి నుంచి రెండు పెద్ద కుక్కలు ఆకలితో వాడి మీదికి దూకాయి. వాటినే వెంటబెట్టుకొచ్చాడు. అందరికంటే చిన్నవాడు ఫ్రాంజ్ ఒక డబ్బా తెచ్చి చూపిస్తాడు. అందులో చేపలు పట్టే గాలాలు. అన్నలు నవ్వుతారు. తండ్రి మాత్రం, మీ అందరిలోకీ విలువైనది వీడే తెచ్చాడేమో, రేపు మనకు తిండి సంపాదించి పెట్టేది ఇదే అంటాడు. తల్లి తెచ్చింది వస్తువు కాదు, కబురు: ఆవు, గాడిద, మేకలు, గొర్రెలు, పంది బతికే ఉన్నాయి, మేత వేసి నీళ్లు పెట్టి వచ్చాను అని.

మరి ఒడ్డు చేరడం ఎలా? పడవల్లేవు. ఇంటి దగ్గర చేపల చెరువులో తొట్టిలో కూర్చుని తిరిగేవాణ్ణి కదా, ఇక్కడా అలాగే పోవచ్చు కదా అంటాడు జాక్. పిల్లవాడి మాట అని ఎవరూ కొట్టిపారేయరు. తండ్రి పీపాలను సగానికి కోయించి, ఎనిమిది తొట్లు వరసగా పెట్టి, పొడవాటి పలకలతో కలిపి బిగిస్తాడు. ఆరు తొట్లలో ఆరుగురు, మిగిలిన రెంటిలో సామాను. సముద్రం తెలిసినవాళ్లెవరైనా చూస్తే పడీపడీ నవ్వుతారు. కథలో మాత్రం అది తేలుతుంది, ఒడ్డుకు చేరుతుంది.

నా జవాబంతా ఆ గాలాల డబ్బాలోనే ఉంది. పిల్లల బతుకులో రోజూ వినిపించే మాటలు ఏమిటి? నీకు చేతకాదు, అడ్డం లే, నేను చూసుకుంటాను, నువ్వు చదువుకో. మనం వాళ్లకు పని చెప్పినా అది చాలావరకు ఉత్తుత్తి పనే. చేయకపోతే పెద్దవాళ్లే రెండు నిమిషాల్లో చేసేస్తారని వాళ్లకు తెలుసు. సాయం చేయడం వేరు, తను లేకపోతే పని ఆగిపోవడం వేరు. ఆ తేడా మనకంటే పిల్లలకే బాగా తెలుసు. దీవి మీద ఆరుగురే ఉన్నారు, చేయాల్సినవి అరవై పనులున్నాయి. ఏడేళ్లవాడి చేతులు కూడా లెక్కలోకి వస్తాయి. ఆ కోరికను పిల్లలు ఎప్పుడూ పైకి చెప్పరు. ఈ కథలు చెప్పకుండానే తీరుస్తాయి.

కథ చదివి వినిపించే రోజుల్లో ఈ ఘట్టం దగ్గర పుస్తకం మూసేసి, ‘మీరైతే ఏం తెస్తారు?’ అని అడిగేదాన్ని. కత్తి, తుపాకీ, టార్చిలైటు అయిపోయాక అసలైనవి వచ్చేవి. ఒక అమ్మాయి ఇంకో కళ్లజోడు తెస్తానంది. నాన్నది విరిగితే ఎలా అని. మరో పిల్లవాడు చాలాసేపు ఆలోచించి ‘మూతలు’ అన్నాడు. డబ్బాలు ఎన్ని తెచ్చినా మూతల్లేకపోతే చీమలు పడతాయట. వీళ్లెవరూ ప్రాణభయంతో ఆలోచించడం లేదు. కాపురం పెడుతున్నారు.

సామాన్ల జాబితాలోని సుఖం వీస్ కనిపెట్టింది కాదు, డిఫో దగ్గర నుంచి వచ్చింది. క్రూసో ఒడ్డు చేరిన పదమూడు రోజుల్లో పదకొండు సార్లు ఓడకు వెళ్లి వస్తాడు. ఒకసారి డబ్బు దొరుకుతుంది. ఇక్కడ దీంతో ఏం పని అని దాన్ని నానా మాటలూ తిట్టి, చివరికి మూటగట్టుకునే వెళతాడు. డిఫో రాసినవాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు అదే. కానీ క్రూసో ఒంటరి. ఎన్నో తంటాలు పడి మట్టికుండ కాలుస్తాడు. చూసి భేష్ అనేవాడు లేడు. ఇరవై ఎనిమిదేళ్లు ఆ దీవిలో గడిపిన మనిషి కథలో అడుగడుగునా భయమే, ఇసుకలో ఒక్క పాదముద్ర కనిపిస్తే గుహలో దాక్కుంటాడు. కుటుంబాన్ని దీవికి చేర్చడంతో వీస్ ఆ భయాన్ని తీసేసి, తెచ్చినదాన్ని చూపించడానికి మనుషుల్ని పెట్టాడు. ఉత్కంఠ లేదని మీరన్నది అందుకే. ఇది ప్రాణాలు కాపాడుకునే కథ కంటే ఇల్లు కట్టుకునే కథ. కింగ్‌స్టన్ అనే ఆంగ్ల రచయిత ప్రతిలో పదేళ్ల తర్వాత ఓడ వస్తుంది. తల్లిదండ్రులు ఎక్కరు, కొడుకుల్లో ఇద్దరు అక్కడే ఉండిపోతారు. క్రూసో అయితే ఈదుకుంటూనైనా వెళ్లేవాడు.

తండ్రి ఉపన్యాసాల సంగతి. నాకూ అవి విసుగే. అయితే పిల్లలు వాటిని ఎలా వింటారో చూశాక నా కోపం కొంత తగ్గింది. ఆ తండ్రి ఉద్యోగానికి వెళ్లడు, పొద్దున్నుంచి రాత్రి దాకా పిల్లలతోనే ఉంటాడు, ఏమడిగినా సమాధానం చెబుతాడు, తప్పు చేస్తే అరవడు. చెప్పే విషయం బుర్రకెక్కకపోయినా, చెప్పేవాడు పక్కనే ఉన్నాడన్న సంగతి ఎక్కుతుంది. మీకు వినిపించేది ఉపన్యాసం, మీ అబ్బాయికి వినిపించేది నాన్న గొంతు.

అమాయకంగా రాసినట్టు కనిపించినా కథలో ఒక పనితనం ఉంది. విరిగిన ఓడ ఒడ్డుకు దగ్గర్లోనే చిక్కుకోవాలి, లేకపోతే సామాన్లు రావు. కానీ అది అక్కడే ఉండిపోతే వీళ్లు యూరప్ సరుకు తింటూ కూర్చున్నట్టే. అందుకే ఓడలోంచి అన్నీ తెచ్చుకున్నాక, విడి భాగాలుగా దొరికిన చిన్న తెరచాప పడవను కూడా బిగించుకున్నాక, తుపాకీమందు పెట్టి తమ ఓడను తామే పేల్చేస్తారు. కలప ఒడ్డుకు కొట్టుకొస్తుంది. ఆ అధ్యాయం చదువుతుంటే పిల్లలు నిశ్శబ్దమైపోయేవారు.

ఫ్రెడరిక్ మారియట్ అనే నౌకాదళ అధికారికి ఈ పుస్తకం మీకంటే ఎక్కువ చిరాకు తెప్పించింది. దీనికి కొనసాగింపు రాయమని ఆయన పిల్లలు అడిగారు. తీరా చదివితే నౌకావిద్యలో తప్పులు, ప్రకృతిశాస్త్రంలో తప్పులు. ఇది నావల్ల కాదని, 1841లో సొంతంగా ‘మాస్టర్‌మన్ రెడీ’ వెలువరించడం మొదలుపెట్టాడు. అందులో సీగ్రేవ్ కుటుంబానికి అండగా రెడీ అనే ముసలి నావికుడు ఉంటాడు. తాళ్లూ ముడులూ తెరచాపలూ అన్నీ సరిగ్గా ఉంటాయి. టామీ అని ఒక అల్లరి పిల్లవాడున్నాడు. శత్రువులు చుట్టుముడితే దాక్కోవడానికి కట్టిన కోటలో నీళ్ల పీపా నింపి పెట్టుకుంటారు. బావి దాకా నడవడానికి బద్ధకించి టామీ ఆ పీపాలో నీళ్లు వాడేస్తాడు, ఎవరికీ చెప్పడు. ముట్టడి మొదలయ్యాక చూస్తే పీపా ఖాళీ. నీళ్ల కోసం బయటికి వెళ్లిన రెడీకి ఈటె దిగుతుంది, ఆ గాయంతోనే చనిపోతాడు. మారియట్ పడవల్ని సరిచేశాడు గానీ మూలసూత్రాన్ని ముట్టుకోలేదు: చిన్నవాడు చేసింది లెక్కలోకి వస్తుంది. వీస్ అదే మాట గాలాలతో తీపిగా చెప్పాడు, ఈయన ఖాళీ పీపాతో చేదుగా చెప్పాడు. ఏడుపు ఆపుకోలేని పిల్లలుంటే దీన్ని పడుకునే ముందు చదవకండి.

తప్పులంటే గుర్తొచ్చింది. 1850ల చివర ‘కోరల్ ఐలాండ్’ అనే దీవి కథ రాసిన బాలంటైన్ ఆ కథలోని పిల్లల చేత కొబ్బరికాయను చాకుతో కన్ను పొడిచి తాగించాడు. చెట్టు మీది కాయకు దళసరి పీచు ఉంటుందని ఆయనకు తెలియదు, అంగట్లో చూసిన కాయే తెలుసు. ఆ పరువు పోయాక, రాయబోయే చోటును వెళ్లి చూశాకే రాయాలని నిర్ణయించుకున్నాడు. ఆ పుస్తకమూ బతికే ఉంది. ఈ రకం కథల్లో నిజం ఉండాల్సిన చోటు కొబ్బరికాయ కాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఏ ప్రతి కొనాలన్నారు. ‘అసలైన ప్రతి’ కోసం వెతికి అలసిపోకండి. ఈ పుస్తకం చేతులు మారిన కొద్దీ పెరిగింది. 1814లో ఫ్రెంచ్‌లోకి తెచ్చిన ఇసబెల్ ద మోంటోల్యూ తర్వాత తన సొంత ఘట్టాలు కలిపింది. కింగ్‌స్టన్ ప్రతి 1879లో వచ్చింది, ఇంగ్లీషులో ఎక్కువగా అచ్చవుతున్నది అదే. ఫ్రెంచ్ రచయిత జూల్ వెర్న్ అయితే 1900లో ఏకంగా దీనికి కొనసాగింపే రాశాడు. ఇంటిల్లిపాదీ కలిసి వండిన వంటలాంటిది, ఉప్పు ఎవరు వేశారో అడగకూడదు. సంక్షిప్త ప్రతులు నాకు అభ్యంతరం కాదు. కొనేముందు ఒక్క పరీక్ష చేయండి: ఫ్రాంజ్ గాలాల డబ్బా ఉందా, తల్లి సంచి ఉందా? సంక్షిప్తం చేసేవాళ్లు సింహాలను ఉంచి వీటిని కోసేస్తుంటారు. అవి లేకపోతే అక్కడే పెట్టేయండి. జంతువుల తప్పులను మీరు సరిదిద్దకండి. పక్కన ఒక అట్లాస్ పెట్టండి చాలు, పట్టుకునే సరదా వాడికే వదిలేయండి.

తల్లి సంచి అన్నాను కదా. ఓడ దిగేటప్పుడు ఆమె ఒక సంచి తగిలించుకుంటుంది. అందులో ఏముందో చెప్పదు. విత్తనాలు, సూదులు, దారం, అవసరం వచ్చినప్పుడల్లా అందులోంచి ఏదో ఒకటి బయటికి వస్తుంది. పిల్లలు దాన్ని మాయసంచి అంటారు. చెట్టు మీద ఇల్లు కట్టాలి, కొమ్మ చూస్తే ఆకాశంలో ఉంది. తండ్రి విల్లు చేసి, బాణానికి దారం కట్టి కొమ్మ మీదుగా వదులుతాడు. దారంతో తాడునూ, తాడుతో తాళ్ల నిచ్చెననూ పైకి లాగుతారు. ఆ దారం ఉండ సంచిలోదే. పెద్దయ్యాక చదివినప్పుడు నాకు ఇదంతా రచయిత వాటం చూసుకుని చేసిన పని అనిపించింది. ఏ వస్తువు కావాలన్నా సిద్ధం!

అసలు సముద్రం ఇంత దయగా ఉండదని కూడా మీరు అన్నారు. ఉండదు. 1629లో ఆస్ట్రేలియా పశ్చిమ తీరానికి దూరంగా ఉన్న దీవుల దగ్గర డచ్చి ఓడ ‘బటేవియా’ బద్దలైంది. వీస్ లాంటి మతబోధకుడే ఒకాయన భార్యాపిల్లలతో అందులో ఉన్నాడు. ఒడ్డు చేరిన కొద్ది వారాల్లో ఆయన భార్యనూ, ఒక్క పెద్ద కూతురు తప్ప మిగిలిన పిల్లలనూ తోటి ప్రయాణికులే చంపేశారు. నేనా వృత్తాంతం చదివి చాలాకాలం వీస్ పుస్తకం మీద గుర్రుగా ఉన్నాను.

తర్వాత రాబర్ట్‌సన్ అనే ఒక నిజమైన కుటుంబం వృత్తాంతం చదివాను. 1972 జూన్ 15న గలాపగోస్ దీవులు దాటాక పసిఫిక్‌లో వాళ్ల తెరచాప పడవ ‘లూసెట్’ను ఓర్కా తిమింగలాలు గుద్ది కొన్ని నిమిషాల్లో ముంచేశాయి. డూగల్, ఆయన భార్య లిన్, పెద్ద కొడుకు డగ్లస్, కవలలు నీల్, శాండీ, ఒక కుర్ర మిత్రుడు, మొత్తం ఆరుగురు. చేతిలో ఉన్నవి గాలి నింపిన తెప్ప ఒకటి, తొమ్మిది అడుగుల చిన్న పడవ ఒకటి. పదిహేడు రోజులకు తెప్ప చివికిపోయింది. ఆరుగురూ ఆ చిన్న పడవలోకి మారారు. ఒకరు కదిలితే మిగిలినవాళ్లు సర్దుకోవాలి, లేకపోతే నీళ్లు లోపలికి వస్తాయి. తాబేళ్లను పట్టి మాంసం ఎండబెట్టుకున్నారు, వాటి రక్తం తాగారు. కవలలు కూడా వంతు ప్రకారం నీళ్లు తోడి పారబోశారు. ఆ పడవలో ఉత్తుత్తి పని ఎవరికీ లేదు. ముప్ఫై ఎనిమిదో రోజున జపాన్ చేపల ఓడ ఒకటి వాళ్లను చూసి ఎక్కించుకుంది.

లూసెట్ మునుగుతున్నప్పుడు నీళ్ల మీద తేలుతూ వాళ్ల చేతికి చిక్కినవాటిలో లిన్ కుట్టు సామాను బుట్ట ఉంది. అందులో ఏమేం ఉన్నాయో డూగల్ మరుసటి ఏడు వచ్చిన తన పుస్తకంలో ఒక్కొక్కటే లెక్కపెట్టి రాశాడు. సూదులు, దారాలు, శస్త్రచికిత్స కత్తి బ్లేడ్లు రెండు, అల్లిక సూదులు నాలుగు, ప్లాస్టిక్ సంచులు, పురికొస ఉండ, గుండీలు, బూటు తొడిగే చెంచా, అడుగు పొడవు రాగి తీగ, ఎలాస్టిక్, ఆస్పిరిన్ సీసా, పెన్సిలు.

ఈ జాబితా మీ అబ్బాయికి చదివి వినిపించండి. ఒక్కొక్కటీ దేనికి పనికొస్తుందో వాడినే చెప్పనివ్వండి. రాగి తీగ దగ్గర చాలాసేపు పడుతుంది, కాస్త తీరిక చూసుకుని కూర్చోండి.